తర్వాతి బంతి

*ప్రపంచ కప్ ఫైనల్లో అమెరికాను గట్టెక్కించిన గోల్‌కీపర్, కొన్నేళ్లు తిరిగేసరికి ఒలింపిక్ బంగారు పతకాలు తాకట్టు పెట్టుకుని పూట గడుపుకుంది. కాలేజీ మైదానంలో రాటుదేలి, బతుకు మైదానంలో పడి లేచిన బ్రియానా స్కరీ యథార్థ గాథ.*

1993 నవంబరు. నార్త్ కరోలినా రాష్ట్రంలోని చాపెల్ హిల్.

అమెరికా కాలేజీ అమ్మాయిల సాకర్‌కు ఆ ఊరు కంచుకోట. 1982లో జాతీయ చాంపియన్‌షిప్ మొదలైంది మొదలు, ఒక్క 1985లో తప్ప, ఏటా కప్పు ఎగరేసుకుపోయింది ఆ ఊరి యూనివర్సిటీ జట్టే. వాళ్లతో మ్యాచ్ అంటే ఎంతటి జట్టుకైనా గుండెల్లో రాయి పడాల్సిందే. పైగా ఆ ఏడు మియా హామ్‌కు కాలేజీలో ఆఖరి సీజన్. ముందుముందు ప్రపంచమంతా పేరు మోగబోయే ఫార్వర్డ్ ఆమె.

సెమీఫైనల్లో ఆ జట్టుకు ఎదురు నిలిచింది ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ యూనివర్సిటీ. గోల్ ముందు ఇరవై రెండేళ్ల బ్రియానా స్కరీ. ఆ సీజన్‌లో ఆమె ఆడిన 23 మ్యాచ్‌ల్లో 15 మ్యాచ్‌లు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండానే ముగిశాయి. అలాంటి అమ్మాయి ఆ రోజు నాలుగుసార్లు వెనక్కి తిరిగి, వలలో పడ్డ బంతిని చూడాల్సి వచ్చింది. 4-1. మసాచుసెట్స్ ఇంటిదారి పట్టింది.

ఫార్వర్డ్ పది అవకాశాలు పాడుచేసి పదకొండోది గోల్‌గా మలిస్తే హీరో. గోల్‌కీపర్ పది బంతులు ఆపి పదకొండోది వదిలేస్తే, జనానికి గుర్తుండేది ఆ పదకొండోదే. అందుకే ఆ స్థానంలో నిలబడేవాళ్లు ముందుగా నేర్చుకునే పాఠం ఒకటుంది. పోయిన బంతి పోయింది, తర్వాతి బంతి చూడు. చూడటానికి చిన్న మాటే. ఆచరించాలంటే ఏళ్లు పడుతుంది.

ఆ రోజు ప్రత్యర్థి జట్టు బెంచీ దగ్గర నిలబడ్డ కోచ్ ఆన్సన్ డోరెన్స్. అమెరికా జాతీయ మహిళల జట్టుకు కూడా అప్పట్లో ఆయనే కోచ్. నాలుగు గోల్స్ ఇచ్చిన ఆ అమ్మాయి నాలుగు నెలలు తిరక్కుండానే, 1994 మార్చి 16న, పోర్చుగల్ మీద జాతీయ జెర్సీ వేసుకుని బరిలో దిగింది. ఆ తొలి మ్యాచ్‌లో ఆమెను దాటి ఒక్క బంతీ పోలేదు.

అబ్బాయిల జట్టులో ఒక అమ్మాయి

బ్రియానా 1971 సెప్టెంబరు 7న మినియాపొలిస్‌లో పుట్టింది. తొమ్మిదిమంది సంతానంలో ఆఖరిది. తల్లి రాబీ, తండ్రి ఎర్నెస్ట్. పెరిగింది మిన్నెసోటా రాష్ట్రంలోని డేటన్ అనే చిన్న ఊళ్లో. నల్లజాతి వాళ్లు దాదాపు కనిపించని ఊరది. బళ్లోనైనా ఆటలోనైనా ఆమె ఇట్టే కనిపించేది, వేరుగా కనిపించేది.

1980 ఫిబ్రవరిలో, ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు, టీవీలో ఒలింపిక్ ఐస్ హాకీ మ్యాచ్ వచ్చింది. అమెరికా తరఫున ఆడింది ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్లు. చాలామంది మిన్నెసోటా వాళ్లే. అవతల కొమ్ములు తిరిగిన సోవియట్ జట్టు. కుర్రాళ్లు 4-3తో గెలిచారు. దేశమంతా వీధుల్లోకి వచ్చి పండగ చేసుకుంది. ఆ రాత్రి డేటన్‌లో ఒక చిన్నపిల్ల కూడా ఒక నిర్ణయానికొచ్చింది. తనూ ఒలింపిక్స్‌కు వెళ్లాలి. ఏ ఆటలో వెళ్లాలో ఇంకా తెలీదు. ఆడవాళ్ల సాకర్ అప్పటికి ఒలింపిక్స్‌లో లేనే లేదు.

పన్నెండేళ్లప్పుడు సాకర్ జట్టులో చేరింది. ఆ ఊళ్లో అమ్మాయిలకు వేరే జట్టు లేదు. అబ్బాయిల మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఎక్కడ దెబ్బలు తగులుతాయోనని కోచ్ ఆమెను గోల్‌లో నిలబెట్టాడు. అక్కడైతే భద్రంగా ఉంటుందనుకున్నాడు ఆ పెద్దమనిషి. ఈ మాట గుర్తుంచుకోండి. ఆమె జీవితాన్ని తలకిందులు చేసిన దెబ్బ తగిలింది గోల్‌లో నిలబడినప్పుడే.

అనోకా హైస్కూల్‌కు వచ్చేసరికి ఆమె ఆడని ఆట లేదు. బాస్కెట్‌బాల్, సాఫ్ట్‌బాల్, పరుగు పందేలు అన్నిటా ముందే. 1989లో అనోకా జట్టు సాకర్‌లో రాష్ట్ర చాంపియన్ అయింది. గోల్ ముందు ఉన్నది బ్రియానా. కాలేజీలు కబురు పెట్టడం మొదలైంది.

ఒక చట్టం తెరిచిన తలుపు

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పుకోవాలి. 1972 జూన్‌లో, బ్రియానాకు ఇంకా ఏడాది నిండకముందే, అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దాని పేరు టైటిల్ నైన్. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడా మగా అని తేడా చూపకూడదన్నది దాని సారాంశం. చట్టంలో ఆటల ప్రస్తావనే లేదు. కానీ కాలేజీ క్రీడలూ చదువులో భాగమే కాబట్టి, అబ్బాయిలకు జట్లు, కోచ్‌లు, స్కాలర్‌షిప్పులు ఇస్తున్న కాలేజీలు అమ్మాయిలకూ ఇవ్వక తప్పలేదు. పదేళ్లకల్లా కాలేజీ అమ్మాయిల సాకర్‌కు జాతీయ టోర్నీ వచ్చింది. ఇంకో పదేళ్లకు ఆ కాలేజీల్లోంచే ప్రపంచాన్ని ఏలే జట్టు తయారైంది.

మన దగ్గర ఎంతోమంది ఆడపిల్లలు టెన్త్ దాకా మైదానంలో మెరుస్తారు. ఇంటర్‌లో చేరగానే బూట్లు అటక ఎక్కుతాయి. చదువా ఆటా తేల్చుకోమంటారు పెద్దలు. బ్రియానా తరం అమెరికా అమ్మాయిలకు ఆ తేల్చుకునే అవసరం తప్పించింది ఆ చట్టం. ఆటే చదువుకు దారి చూపింది.

ఆమె ఎంచుకున్నది ఆమ్‌హర్స్ట్. అక్కడి కోచ్ జిమ్ రూడీకి గోల్‌కీపర్లను తీర్చిదిద్దడంలో మంచి పేరు. అప్పటిదాకా బ్రియానా ఆట అంతా ఒంట్లో ఉన్న చురుకుదనం మీద నడిచింది. ఆ చురుకుదనానికి లెక్క నేర్పాల్సిన చోటు కాలేజీ.

ఆ లెక్క ఏమిటో చూద్దాం. గోల్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. పెద్ద హాలు గోడంత. అంత గోడను ఒక్క మనిషి చేతులు చాపి కప్పలేదు. అందుకే మంచి కీపర్ గీత మీదే పాతుకుపోదు. బంతితో దూసుకొచ్చే మనిషికి ఎదురెళుతుంది. రెండడుగులు ముందుకు పడితే చాలు, కొట్టేవాళ్లకు కనిపించే ఖాళీ ఇటూ అటూ తరిగిపోతుంది. మరీ ముందుకెళితే బంతిని తల మీదుగా లేపేస్తారు. ఎదుటి కాలు వెనక్కి వెళ్లిన క్షణానికి కీపర్ పరుగు ఆగిపోవాలి. మోకాళ్లు కాస్త వంగి, బరువు మునివేళ్ల మీద ఉండాలి. కదులుతూ ఉన్న కీపర్ పక్కకు దూకలేదు. బంతి పట్టేటప్పుడు రెండు బొటనవేళ్లూ దాదాపు తగిలేంత దగ్గరగా, అరచేతులు బంతి వెనకాల ఉండాలి. లేదంటే తడి బంతి చేతుల మధ్యలోంచి జారి వెనక్కి పోతుంది. ఇదంతా ఆలోచించి చేసే వ్యవధి ఉండదు. వేలసార్లు నేల మీద పడి లేస్తే ఒంటికి అబ్బుతుంది.

ఒంటికి అబ్బినదాన్ని అంకెలే చెప్పాయి. కాలేజీలో ఆమె మొదటి నిమిషం నుంచి బరిలో ఉన్న మ్యాచ్‌లు 65. వాటిలో 37 మ్యాచ్‌ల్లో ప్రత్యర్థికి ఒక్క గోల్ దక్కలేదు. సగటున మ్యాచ్‌కు ఆమె ఇచ్చింది 0.56 గోల్. అంటే రెండు మ్యాచ్‌లకు కలిపి సుమారుగా ఒక గోల్ లెక్క. పక్కనే చదువూ సాగింది. రాజనీతి శాస్త్రంలో డిగ్రీ. ఆ తర్వాత లా చదవాలన్నది ఆలోచన. జాతీయ జట్టు పిలుపు ఆ ఆలోచనను పక్కన పెట్టించింది.

ఆ అంకెల్లో కనిపించనిది ఇంకోటుంది. పదిమంది ముందుకు ఉరుకుతుంటే ఒక్కతే వెనక ఉండిపోవడం ఆ స్థానం తీరు. దెబ్బ తగిలినా, భయం వేసినా ముఖంలో కనపడనివ్వకూడదు. కీపర్ తొణికితే ముందున్న రక్షణ శ్రేణి అంతా చెదురుతుంది. బ్రియానా ఈ విద్యలో ఆరితేరింది. మైదానంలో అదే ఆమెకు బలం. మైదానం బయట అదే ఆమెను దాదాపు ముంచేసింది.

రోజ్ బౌల్‌లో ఆ ఒక్క చూపు

1996లో ఆడవాళ్ల సాకర్ తొలిసారి ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. ఫైనల్లో అమెరికా 2-1తో చైనాను ఓడించింది. ఎనిమిదేళ్లప్పుడు కన్న కల ఇరవై నాలుగేళ్లకు మెడలో పడింది.

మూడేళ్ల తర్వాత, 1999 జులై 10న, అదే చైనాతో ప్రపంచ కప్ ఫైనల్. కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియం. నడి ఎండాకాలం. గ్యాలరీల్లో 90,185 మంది. అధ్యక్షుడు క్లింటన్ కూడా వచ్చాడు. 90 నిమిషాలు గోల్ లేదు. అదనపు సమయంలో చైనా క్రీడాకారిణి తలతో కొట్టిన బంతి కీపర్‌ను దాటిపోయింది. గోల్ గీత మీద కాచుకున్న క్రిస్టీన్ లిల్లీ దాన్ని తలతోనే వెనక్కి కొట్టింది. 120 నిమిషాలు గడిచినా 0-0. ఇక పెనాల్టీలే.

పెనాల్టీలో బంతికీ గోల్‌కూ మధ్య దూరం పన్నెండు గజాలు. గట్టిగా కొడితే అర సెకను కూడా పట్టదు. చైనా మొదటి రెండూ కొట్టింది. అమెరికా కూడా రెండూ కొట్టింది. మూడో కిక్‌కు లియు యింగ్ నడిచొస్తోంది.

కొట్టేవాళ్ల వంక చూడటం బ్రియానాకు అలవాటు లేదు. తన ధ్యాస తనమీదే. ఆ ఒక్కసారి మాత్రం తలెత్తి చూసింది. అలసిన నడక. వాలిన భుజాలు. ఇది నాదే అని ఆ క్షణాన తనకు తెలిసిపోయిందని తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. కిక్ పడింది. ఆమె ఎడమ వైపు ఒళ్లంతా సాచి దూకింది. చేతికి తగిలిన బంతి పక్కకు పోయింది.

కిక్ పడకముందే ఆమె నిబంధనకు విరుద్ధంగా గీత వదిలి ముందుకొచ్చిందన్న విమర్శ తర్వాత వచ్చింది. వీడియోలో అది కనిపిస్తుంది కూడా. రెఫరీ ఈల వేయలేదు. మిగతా కిక్‌లన్నీ గోల్ అయ్యాయి. అయిదోది బ్రాండీ చస్టెయిన్ కొట్టడంతో 5-4తో కప్పు అమెరికా వశమైంది. చస్టెయిన్ జెర్సీ తీసి మోకాళ్ల మీద కూలిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫొటోకు వీలు కల్పించిన చేతులు ఆ ఫొటోలో లేవు.

మెట్లు ఎక్కిన కొద్దీ

విజయం ఆమెను కొంత పాడుచేసింది కూడా. ప్రపంచ కప్ తర్వాత వ్యాయామం తగ్గింది, ఒళ్లు వచ్చింది. గాయాలూ తోడయ్యాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ఆమె స్థానంలో సిరి ములినిక్స్ నిలబడింది. బ్రియానా బెంచీ మీద కూర్చుని చూసింది. పోయిన చోటు మళ్లీ సంపాదించుకోవడానికి ఏళ్లు కష్టపడింది. 2004లో తండ్రి కన్నుమూశాడు. ఆ దుఃఖం పచ్చిగా ఉండగానే ఆ వేసవిలో ఏథెన్స్‌లో ఆడింది. రెండో ఒలింపిక్ బంగారం మెడలో వేసుకుంది.

2007 ప్రపంచ కప్‌లో మరో పరీక్ష ఎదురైంది. అప్పటిదాకా ఆడుతున్న హోప్ సోలోను తప్పించి, బ్రెజిల్‌తో సెమీఫైనల్‌కు కోచ్ బ్రియానాను దింపాడు. జట్టు 4-0తో చిత్తయింది. కాలేజీ రోజుల్లో చాపెల్ హిల్‌లోనూ ఆమె నాలుగు గోల్సే ఇచ్చింది. ఈసారి దేశమంతా చూసింది. తననే ఆడించి ఉంటే ఆ బంతులు ఆపేదాన్నని సోలో బాహాటంగానే అంది. బ్రియానా నోరు జారలేదు.

కనిపించని గాయం

2010 ఏప్రిల్. వాషింగ్టన్ ఫ్రీడమ్ తరఫున ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్. కింద దొర్లుతున్న బంతి కోసం బ్రియానా వంగింది. ప్రత్యర్థి జట్టు ఫార్వర్డ్ కూడా అదే బంతి కోసం దూసుకొచ్చింది. ఆమె మోకాలు బ్రియానా కణతకు బలంగా తగిలింది.

నెత్తురు రాలేదు. ఎముక విరగలేదు. బ్రియానా లేచింది. ఆట కొనసాగించింది. ఏళ్ల తరబడి నేర్చుకున్నది అదే కదా. కానీ కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. నడక తూలుతోంది. విరామంలో డ్రెస్సింగ్ రూమ్ దారి పట్టాక గానీ విషయం బయటపడలేదు. అదే ఆమె ఆడిన ఆఖరి మ్యాచ్.

డాక్టర్లు దీన్ని కంకషన్ అంటారు. దెబ్బకు తల ఒక్కసారిగా కుదుపుకు లోనైనప్పుడు పుర్రె లోపల మెదడు కూడా కుదుపు తింటుంది. మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు ఏమీ కనపడదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి నెలలు, ఏళ్లు వదలదు. బ్రియానా ఆ కొందరిలో ఒకతె. ఎడతెగని తలనొప్పి. వెలుతురు పడదు, చప్పుడు పడదు. నిద్ర రాదు. ఇప్పుడే విన్న మాట గుర్తుండదు. దానికి తోడు దిగులు. కాలు విరిగితే కట్టు చూసి నలుగురూ అయ్యో అంటారు. ఈ బాధకు కట్టు లేదు. పైకి మనిషి నిక్షేపంగా ఉంది, లోపల కూలిపోతోంది.

పని చేసే ఓపిక లేదు. ఆదాయం లేదు. చికిత్స ఖర్చు గురించి బీమా సంస్థతో ఎడతెగని పేచీ. చేతిలో ఉన్న డబ్బు కరిగిపోయింది. చివరికి రెండు ఒలింపిక్ బంగారు పతకాలూ తాకట్టు దుకాణానికి చేరాయి. వాటి మీద చేతికొచ్చింది 18,000 డాలర్లు. ఇల్లాలు పుస్తెలతాడు తాకట్టు పెడుతూ ఎంత కుమిలిపోతుందో తెలిసినవాళ్లకు ఆ రోజు ఆమె మనసు వేరే చెప్పక్కర్లేదు.

బతుకు మీద ఆశ పూర్తిగా అడుగంటిన క్షణం కూడా వచ్చింది. ఆ క్షణంలో ఆమెకు గుర్తొచ్చింది తల్లి ముఖం. తను పోతే అమ్మ ఏమైపోతుంది? ఆ ఒక్క ఆలోచన ఆమెను వెనక్కి లాగింది.

చేయి చాచిన రోజు

ఎంత కష్టమైనా ఒక్కతే ఓర్చుకోవాలన్నది ఆమె ఒంట పట్టించుకున్న పాఠం. దాన్ని మరిచిపోయి సాయం అడగడం ఆమె జీవితంలో చేసిన కష్టమైన పని. అడిగింది. తెలిసినవాళ్ల ద్వారా వాషింగ్టన్ ప్రాంతంలో పబ్లిక్ రిలేషన్స్ సంస్థ నడిపే క్రిస్సా జిజోస్ పరిచయమైంది. క్రిస్సా పట్టుబట్టి ఆమె కథ బయటి లోకానికి తెలిసేలా చేసింది, చికిత్సకు దారి సుగమం చేసింది. తల వెనక, మెడ పైభాగంలో ఉండే ఒక నరం దెబ్బతిని ఆ నొప్పిని రేపుతోందని డాక్టర్లు తేల్చారు. 2013 అక్టోబరులో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ ఆస్పత్రిలో ఆపరేషన్ జరిగింది. మూడున్నరేళ్లుగా వెంటాడిన ఆ నొప్పి అప్పుడు వదిలింది. ఆ తర్వాత కూడా నెలల తరబడి చికిత్సలు, వ్యాయామాలు తప్పలేదు. తాకట్టులో ఉన్న పతకాలు క్రిస్సా సాయంతో తిరిగి ఆమె చేతికొచ్చాయి. 2018లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

2014లో బ్రియానా అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని, క్రీడాకారుల తలకు తగిలే దెబ్బల గురించి, తనకు జరిగినదాని గురించి దాపరికం లేకుండా చెప్పింది. గోల్ ముందు నొప్పి దాచిన మనిషి ప్రజాప్రతినిధుల ముందు దాన్ని బయటపెట్టింది. 2017లో అమెరికా జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైంది. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమె, తొలి మహిళా గోల్‌కీపర్ కూడా ఆమే. 2022లో ఆత్మకథ వెలువరించింది. కంకషన్ బాధితుల కోసం ఊరూరా తిరిగి మాట్లాడుతోంది.

ఆటలు ఆత్మవిశ్వాసం ఇస్తాయని మనం చెబుతుంటాం. నిజమే. కాలేజీ మైదానం బ్రియానాకు అది దండిగా ఇచ్చింది. పోయిన గోల్ గురించి కుమిలిపోకుండా తర్వాతి బంతికి సిద్ధపడే నిబ్బరం ఇచ్చింది. అయితే నిబ్బరానికీ నొప్పి దాచుకోవడానికీ తేడా ఉందని ఆ మైదానంలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ తేడా తెలుసుకోవడానికి ఆమె పెద్ద మూల్యమే చెల్లించింది. మన పిల్లలు ఆ మూల్యం చెల్లించక్కర్లేదు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలు ఎంతోమంది వారాంతాల్లో సాకర్ ఆడుతున్నారు. ఇక్కడ మన ఊళ్లలో ఫుట్‌బాల్, కబడ్డీ ఆడేవాళ్లకూ తలకు దెబ్బ తగలదన్న పూచీ లేదు. పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని అమెరికా సాకర్ సమాఖ్య 2015లో నిబంధన తెచ్చింది. నిబంధన ఉన్నా లేకున్నా తల్లిదండ్రులు, పీఈటీలు పాటించాల్సిన జాగ్రత్త ఒకటే. తలకు దెబ్బ తగిలిన పిల్లను, తనకేం కాలేదని ఎంత చెప్పినా సరే, ఆ రోజు మళ్లీ ఆటలోకి పంపకూడదు. డాక్టరుకు చూపించాలి. తల తిరుగుతోందన్నా, వెలుతురు చూడలేకపోతున్నానన్నా, మనసు బాగాలేదన్నా సాకు చెబుతోందని తీసిపారేయకూడదు.

గెలిచే ఆట నేర్పేటప్పుడే ఈ మాట కూడా నేర్పాలి. నొప్పి ఉంటే చెప్పమనాలి. చెప్పినందుకు జట్టులో చోటు పోదని మాట ఇవ్వాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి. అప్పుడే మన పిల్లలు తర్వాతి బంతికి నిజంగా సిద్ధంగా ఉంటారు.